ఐదో మీట

బడిలో నాలుగో పాఠపు గడి ముగిసేసరికి పరిమళ బల్లమీది పలకలో పదకొండు గుర్తులు వచ్చి కూర్చున్నాయి. ఆవలింతలు రెండు, పక్కచూపులు ఐదు, పరధ్యానాలు మూడు, సైగ ఒకటి. ఒక్కో గుర్తుకు ఆరు క్షణాల దృశ్యం, దాని కింద 'ఔను', 'కాదు'. ఆమె బొటనవేలు పదహారేళ్లుగా 'ఔను' మీదనే కాపురం ఉంటోంది. దృశ్యం చూడకుండా నొక్కినా, తరగతులను కనిపెట్టి ఉండే యంత్రం బోధిని ఏమీ అనుకోదు. చూస్తూ కూర్చుని ఆలస్యంగా నొక్కితేనే అనుకుంటుంది, నిర్ధారకురాలి నిలకడ అంకంలోంచి ఓ చుక్క కోసేస్తుంది. అందుకని మద్దెలబండ ఉన్నత పాఠశాలలోనే కాదు, రాష్ట్రంలో ఏ బడిలోనూ ఏ నిర్ధారకురాలూ దృశ్యాలు చూడదు. చూడమని ఉత్తర్వుల్లో మాత్రం రాసి ఉంది, పాపం.

తరగతిలో ముప్ఫై ఆరు గూళ్లున్నాయి. మూడు పక్కలా భుజాలెత్తు అడ్డచెక్కలు, ఎదురుగా తెర. పరిమళ కూర్చున్న ఎత్తు నుంచి చూస్తే పిల్లల నడినెత్తులూ, బల్లకు అంటించి పెట్టిన అరచేతులూ కనిపిస్తాయి. అరచేతులు అట్లా బోర్లా పెట్టమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చేతులు కదిలితే గుర్తు పడుతుందని ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. అన్నం ముందు కూర్చున్నా ఒక చెయ్యి బల్లమీద బోర్లించే ఉంటుంది. ఇంట్లో కూడా అంతేనట, తల్లులు మురిసిపోతూ చెబుతారు, మా బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో చూడండి మేడం అని. ఏడో తరగతి అంటే ఒకప్పుడు గోల. జడలు లాగడం, పెన్సిళ్ల మీద పంచాయతీలు, మేడం వీడు చూడండి మేడం అనే ఫిర్యాదులు. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, కానీ చీమలు కూడా జాగ్రత్త నేర్చుకున్నట్టున్నాయి.

పది గుర్తులకు 'ఔను' పడిపోయింది. పదకొండోదాని దగ్గర ఆమె వేలు ఆగింది. ఇదేదో మనస్సాక్షి మేలుకోవడం అనుకుంటే పొరపాటే. పొద్దుటి నుంచీ నడుము లాగేస్తోంది, కుర్చీలో కొంచెం పక్కకు సర్దుకుంది, ఆ కాస్త వ్యవధిలో దృశ్యం మొత్తం నడిచిపోయింది. మధ్యవరస నాలుగో గూట్లో పిల్ల. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద మొదలై ఒక్కో కణుపూ ఎక్కుతూ చిటికెనవేలి చివర దాకా పోయింది. పెదాలు కదిలాయి. తర్వాత ఎడమచేతి వేలు ఒకటి ముడుచుకుంది. ఆ వెంటనే తెర మీద జవాబు పడింది. జవాబు సరైనదే.

దృశ్యం కింద ఎర్రని గీతలో రాసి ఉంది: సుంకులమ్మ, పన్నెండేళ్లు, మూడో సైగ, సాయంత్రం నాలుగింటికి దారి మార్పు, పనిబడి.

మూడు సైగలంటే నకలు అలవాటైన పిల్ల అని. నకలు అలవాటైన పిల్లకు చదువు వృథా అని. అట్లాంటి పిల్లను ఆ రోజే పనిబడికి పంపుతారు. అక్కడ తెరలుండవు, పుస్తకాలుండవు. కాయలు ఏరడం, తీగలు అల్లడం, మరలు తిప్పడం నేర్పిస్తారు. వెనక్కి రావడం అనే మాటకు అక్కడ వాడుక లేదు. 'ఔను' నొక్కితే ఇప్పుడే పోతుంది, ఏదీ నొక్కకపోతే నాలుగింటికి దానంతటదే పోతుంది. 'కాదు' నొక్కితే బోధిని తాను ఆ గుర్తు నేర్చుకున్న మూలాన్ని అడిగి చూసుకుంటుంది, మూలం ఔనంటుంది, మళ్లీ నాలుగింటికే పోతుంది. సర్కారు వారి దయ, దారులు మాత్రం మూడు పెట్టారు.

మొదటి రెండు సైగలకూ 'ఔను' నొక్కింది తానేనని పరిమళకు గుర్తుంది. గుర్తుండడమంటే, వేరే ఎవరూ ఆ పలక ముట్టరు కాబట్టి తానే అయ్యుండాలని లెక్క. ఈసారి మాత్రం దృశ్యాన్ని ఇంకోసారి నడిపించింది, మరోసారీ నడిపించింది. నిలకడ అంకం మూడు చుక్కలు రాలింది. చుట్టూ అడ్డచెక్కలున్న గూట్లో కూర్చున్న పిల్ల ఎవరికి సైగ చేస్తుంది, గోడకా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న తనకే రానప్పుడు బోధినికి ఎట్లా వస్తుంది?

అన్నం గంటలో ఆమె సుంకులమ్మను వరండా చివరికి పిలిచింది. అక్కడ బోధిని గమనికన్ను పాడైపోయి నెల దాటింది. పిల్ల బక్కగా ఉంది, తలకు నూనె బాగా పట్టించి ఉంది, భయంతో రెండు చేతులూ లంగాకు అంటించుకుని నిలబడింది. ఎవరికి చూపిస్తున్నావు అని అడిగితే బిక్కమొహం పెట్టింది.

"ఎవురికీ చూపీలేదు మేడం. లెక్క పెట్టుకుంటి, అంతే."

ఎవరు నేర్పారని అడిగితే అవ్వ నేర్పిందని చెప్పింది. వాళ్లవ్వ టమోటా మండీలో గంపలు లెక్కపెడుతుందట. ఒక్కో వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్లకు పన్నెండు, బొటనవేలు ఎక్కి దిగే కూలీ. పన్నెండు నిండితే ఎడమచేతి వేలు ఒకటి ముడవాలి. బండ్లు వరసగా వస్తుంటే యంత్రాలు తికమకపడతాయి గానీ అవ్వ పడదు. పరిమళ నమ్మీ నమ్మక ఇరవై తొమ్మిది పద్దెనిమిదులు ఎంత అని అడిగింది. పిల్ల అటూ ఇటూ చూసి చెయ్యి లంగా కుచ్చిళ్లలో దాచుకుంది. లోపల వేళ్లు కదులుతున్నట్టు గుడ్డ కదిలింది. అయిదొందల ఇరవై రెండు, అంది. పన్నెండ్లతో మూడొందల నలభై ఎనిమిది, ఇంకో ఆర్లతో నూటడెబ్భై నాలుగు అని విడమరిచి కూడా చెప్పింది. ఆ ఒక్క క్షణం ఆ మొహం వెలిగింది. తర్వాత మళ్లీ చేతులు లంగాకు అంటుకుపోయాయి.

పరిమళ ఏం చెప్పాలో తెలియక, ఈ పూట మాత్రం చేతులు బల్లమీద నుంచి తియ్యొద్దు, నేను పెద్దసారుతో మాట్లాడతాను, అని చెప్పి పంపేసింది. మంచి సలహానే ఇచ్చాననుకుంది.

పెద్దసారు గురుశాంతప్ప మంచివాడు. అంటే ఎవరి మాటకూ ఎదురు చెప్పకుండా రిటైరు కాబోయేవాడు. ఆయన విషయం విని తలకాయ ఊపాడు, కిటికీ మూశాడు, బోధినిలో సైగ అనే గుర్తుకు మూలం తెరిచాడు. అక్కడ ప్రతి గుర్తుకూ పుట్టుపూర్వోత్తరాలుంటాయి, ఏ బిడ్డ ఎవరి కడుపున పుట్టిందో తెలిసినట్టు. కిందికి దిగుతూ దిగుతూ పోయి ఒకచోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత తెరను ఆమె వైపు తిప్పాడు. తొలి గుర్తింపు: నాలుగు వందల పదిహేడో నంబరు శిక్షకురాలు. పేరు: పరిమళ, గణితం, మద్దెలబండ.

 ఒక్క పేరుతో ఆ ఎండాకాలం మొత్తం పరిమళ కళ్ల ముందుకొచ్చి నిలబడింది. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. జిల్లా కేంద్రంలో ఒక కల్యాణమండపం, నలభై మంది టీచర్లు, ఉక్కపోత, గంటగంటకూ మజ్జిగ. అప్పుడు బోధినికి ఇంకా పేరు కూడా పెట్టలేదు, చూడడం నేర్పిస్తున్నారు. వేల తరగతుల్లో తీసిన ఆరేసి క్షణాల దృశ్యాలు వస్తుంటాయి, వాళ్లు మీటలు నొక్కాలి. మీటలు నాలుగే: శ్రద్ధ, పరధ్యానం, ఆవలింత, పక్కచూపు. రోజుకు మూడువేల దృశ్యాలు. మూడోరోజుకు కళ్లు మండి, మనసు మొద్దుబారి, ఎవరైనా ఓ జోకు వేస్తే బాగుండునని అందరూ ఎదురుచూస్తున్న వేళ పరిమళ నోరు విప్పింది.

అసలైన దొంగతనం వేళ్లలో ఉంటుంది సార్, అంది. పదో తరగతిలో తాము బిట్ పేపరు ఎట్లా గట్టెక్కారో నవ్వుతూ చెప్పింది. చూపుడువేలు తాకితే ఏ, మధ్యవేలు బీ, ఉంగరపువేలు సీ, చిటికెనవేలు డీ. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఇరవై బిట్లు రెండు నిమిషాల్లో పోయేవి, స్క్వాడు ఎదురుగా నిలబడి ఉన్నా సరే. మండపం మండపమంతా పగలబడి నవ్వింది. తలా ఒక కథ చెప్పారు, ఎవరి బడి వేళ్లు వాళ్లవి. శిబిరం నడిపే ఆయన మాత్రం నవ్వలేదు, రాసుకున్నాడు. మర్నాడు పొద్దునకల్లా ఐదో మీట వచ్చింది, దాని మీద సైగ అని ఉంది. పరిమళను ముందుకు పిలిచి, ఏది సైగో అందరికీ చూపించమన్నారు. ఆమె చూపించింది. బొటనవేలు మిగతా వేళ్ల మీద తిరిగిందంటే బిట్లు పోతున్నట్టే, ఇక ఆలోచించొద్దు, నొక్కెయ్యండి, అని చెప్పింది. చివరిరోజు ఆమెకు శాలువా కప్పారు. డేగకన్ను మేడం అని పేరు పెట్టారు. ఆ పేరు తలుచుకుని ఎన్నో ఏళ్లు మురిసింది కూడా.

ఆ దృశ్యాల్లో ఎన్ని చేతులు లెక్కపెట్టుకుంటున్నాయో అప్పుడు చూసిందెవరు? బిట్ పేపర్లు పోయి ఎంతో కాలమైంది. ముందు బెంచీ, వెనక బెంచీ పోయాయి. అందించేవాడూ అందుకునేవాడూ పోయారు. సైగ మాత్రం మిగిలింది.

ఎంతమంది అని ఆమె అడిగింది. గురుశాంతప్ప చెప్పకూడదనుకున్నాడు గానీ తెర మీద కనిపిస్తూనే ఉంది. సైగ కారణంగా దారి మారిన పిల్లలు నలభై ఒక్క వేల రెండువందల ఆరుగురు. మూలం చెప్పినవాళ్లు బతికి, కొలువులో ఉండగా తమ మూలాన్ని వెనక్కి తీసుకోవచ్చని చట్టంలో ఒక వాక్యం ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ దాని జోలికి పోలేదు. మూలోపసంహరణ జరిగితే ఆ గుర్తు మీద ఆధారపడ్డ నిర్ణయాలన్నీ నిలిచిపోతాయి. ఆ నిర్ణయాల బారిన పడ్డ ప్రతి మనిషికీ, తప్పు ఎవరిదో పేరుతో సహా, బోధిని తానే కబురు పంపుతుంది. అట్లా వెనక్కి తీసుకున్నవాళ్ల మాట ఇక ఎక్కడా చెల్లదు కాబట్టి కొలువు కూడా పోతుంది. గురుశాంతప్ప ఇవన్నీ నెమ్మదిగా, ఆమె మీద జాలితోనే చెప్పాడు.

"కొలువు సంగతి వదిలెయ్యండి పరిమళమ్మా. నలభై ఒక్కవేల మంది, మాకు చదువు అబ్బలేదులే అని సర్దుకుని బతుకుతాండారు. పెండ్లిండ్లు చేసుకునిరి, బిడ్డల్ని కనిరి. ఈరోజు మీరొచ్చి, లేదప్పా, మీకు అబ్బింది, మేమే లాగేసుకుంటిమి అని చెప్తే, ఆ సర్దుకున్నది కూడా పోతాది. వాళ్లకు తిరిగి ఇచ్చేదానికి మీ దగ్గర ఏముంది?"

పరిమళ దగ్గర ఏమీ లేదు. ఆయన మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు, అదే ఆమెను మరీ కాల్చింది. ఒక్క పిల్ల, అని మనసులో అనుకుంది. ఒక్క పిల్ల పోతే నలభై వేల మంది హాయిగా నిద్రపోతారు. పైగా పనిబడిలో ఏం తక్కువ, వేళకు తిండి పెడతారు. ఇట్లాంటి మాటలు మనిషికి ఎంత తొందరగా దొరుకుతాయో చెప్పలేం, వెతకనక్కర్లేదు కూడా. తరగతికి తిరిగి వచ్చేసరికి ఆమె సగం నిశ్చయించుకునే వచ్చింది.

ఆరో గడి లెక్కలది. పరిమళ మధ్యవరస నాలుగో గూటి వెనకకు వెళ్లి నిలబడింది. సుంకులమ్మ మేడం చెప్పినట్టే చేస్తోంది. రెండు అరచేతులూ బల్లమీద బోర్లించి, కదలకుండా ఉండాలని వేళ్లు బిగబట్టి, గోళ్లు తెల్లబడేలా నొక్కి పెట్టింది. తెర మీద పదమూడు పంతొమ్మిదులు ఎంత అని ఉంది. పొద్దున అయితే నోటికి వచ్చేసేది. ఇప్పుడు పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది, పెదాలు కొరుక్కుంది, రెండువందల పదిహేడు అంది. తప్పు. తర్వాతది తప్పు. ఆ తర్వాతదీ తప్పే. ఎనిమిదింటిలో ఆరు పోయాయి. బోధిని దగ్గర దానికీ ఒక గుర్తు ఉంది. తెర మూలన మెత్తగా వచ్చి నిలిచింది: మందమతి, పనిబడికి అనుకూలం.

సుంకులమ్మ తలెత్తి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం లేదు. మీరు చెప్పినట్టే చేసినాను మేడం, చాలదా, అన్నట్టుంది. చెయ్యి కదిపితే దొంగ, కదపకపోతే మొద్దు. పరిమళకు తన మీద తనకు అసహ్యం పుట్టుకొచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట నవ్వుతూ చేసిన పనినే మళ్లీ ఇవాళ మధ్యాహ్నం ప్రేమగా చేసింది. అప్పుడైతే ఆ చేతులు ఎవరివో తెలియదు. ఇప్పుడు తెలిసి తెలిసీ, తానే ఆ చేతుల్ని బల్లకు దిగ్గొట్టింది.

తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. మూడుంపావు అయింది. ఉపసంహరణ ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. బోధిని చాలా మర్యాదగా మూడుసార్లు అడిగింది, ఖాయమేనా అని. మూడుసార్లూ వేలు పెట్టింది. కారణం ఎంచుకోమని జాబితా ఇచ్చింది: అలసట, అనారోగ్యం, అవగాహన లోపం, ఇతరం. ఆమె ఇతరం మీద వేలు పెట్టి, పక్కనున్న ఖాళీలో రాసింది: "నాకు తెలిసిన దొంగతనమే నాకు కనబడింది. పిల్లలు లెక్క చేసుకుంటున్నారని చూడలేదు."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ముప్ఫై ఆరు తెరలూ ఒక్కసారిగా బూడిదరంగుకు మారి, నిలుపుదల అనే మాట దగ్గర ఆగిపోయాయి. పక్క తరగతిలోనూ అంతేనని గోడ అవతలి అలికిడిని బట్టి తెలిసింది. సైగ మీద నిలబడి మందమతి లాంటి వేరే గుర్తులు ఉన్నాయి, వాటి మీద అంకాలు, అంకాల మీద వరసలు, వరసల మీద దారులు ఉన్నాయి. కింది రాయి తీశాక పైవి ఏం చెయ్యాలో బోధినికి ఎవరూ నేర్పలేదు. నాలుగు గంటలు దాటిపోయింది. సుంకులమ్మను తీసుకుపోవడానికి బండి రాలేదు. రేపు కూడా ఇక్కడికే రావాలా మేడం అని ఆ పిల్ల అడిగితే, ఇక్కడికే రామ్మా అని చెప్పి పంపింది. గురుశాంతప్ప గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె తన సామాను తీసుకుపోవడానికని పొద్దున్నే వచ్చింది. బడి గేటు ముందు మనుషులున్నారు. పది పదిహేను మంది ఉంటారనుకుంది దూరం నుంచి. దగ్గరికి వచ్చేసరికి వరస గోడ మలుపు తిరిగి అవతలి దాకా పోయి ఉంది. పని బట్టల్లోనే వచ్చారు. కొందరి చేతులకు మరల మడ్డి ఉంది, కొందరి మెడలో గుర్తింపు బిళ్లలున్నాయి. ఎవరూ అరవడం లేదు. ఎవరి చేతుల్లోనూ రాళ్లు లేవు. అరిచినా, రాళ్లు వేసినా ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

వరసలో అందరికన్నా ముందు నిలబడిన ఆడమనిషికి ఇరవై ఏడేళ్లుంటాయి. చంకలో బిడ్డ నిద్రపోతోంది. పేరు మారెమ్మ అని చెప్పింది, టమోటా కాయలు ఏరే యంత్రపు పట్టీ దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తోందట. రాత్రి వచ్చిన కబురును నాలుగుసార్లు చదివించుకుందట, తనకు చదవడం మరిచిపోయి చాలా కాలమైంది కాబట్టి. పరిమళమ్మ అంటే మీరేనా అని అడిగింది. పరిమళ నేనేనంది.

"నేను కాపీ కొట్టలేదు, అంతే కదా మేడం?"

"కొట్టలేదమ్మా. తప్పు నాది."

మారెమ్మ తలూపింది.  బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"ఆ పొద్దు ఇంటికి పోయినాక మా నాయన అడిగినాడు, నిజం చెప్పు పాపా, కాపీ కొట్టినావా అని. కొట్టినా అని చెప్తి మేడం. కొట్టలేదని నాకు తెలుసు. అయినా బడే చెప్పిందంటే, కొట్టింటానేమో, నాకే తెలీలేదేమో అనుకుంటి. మా నాయన ఆ మాట నమ్మే సచ్చిపోయినాడు."

  మారెమ్మ జవాబు కోసం ఆగలేదు, చెప్పాలనుకున్నది చెప్పేసినట్టుగా పక్కకు జరిగింది. దానితో ఆమె వెనక ఉన్న అతను ముందుకు వచ్చి, చేతి గుడ్డతో మొహం తుడుచుకుని, తన పేరు చెప్పాడు.